చక్రం వెనక్కి తిప్పి చూడండి



పాత కారు కొనబోయేవాళ్ళు ముందు బానెట్ ఎత్తి ఇంజిన్ నంబరు చూస్తారు. ఛాసిస్ నంబరు కాగితాలతో సరిపోల్చుకుంటారు. తలుపు తీసి మూసి దాని చప్పుడు వింటారు. అడుగున తుప్పుందేమోనని ఓపికున్నవాళ్ళు నేలమీద పడుకుని మరీ చూస్తారు. చక్రాల దగ్గరికొచ్చేసరికి మాత్రం "బాగానే మెరుస్తున్నాయి" అనుకుని లేచిపోతారు. ఈవేళ నా ప్రసంగం ఆ చక్రాల గురించే. అవి కారుతో పాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చినవా, మధ్యలో ఎవరో తగిలించినవా? ఎలా పోల్చుకోవాలి? మార్చదలచుకుంటే ఎంతవరకు మార్చవచ్చు?

పాత కారంటే మనకు ముందు గుర్తొచ్చేవి నిజాం గారి రోల్స్ రాయిస్‌లు, జమీందార్ల బ్యూక్‌లు. వాటి సంగతి వేరు. నేను చెప్పేది స్పోర్ట్స్ కార్ల గురించి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన దగ్గర నుంచి 1980ల దాకా ఇంగ్లండులో, జర్మనీలో, ఇటలీలో, జపానులో తయారైన చిన్న, తేలికైన, వేగమైన బండ్లు. ఇద్దరికి చోటుంటే గొప్ప. మన దేశంలో ఇవి తక్కువే. కానీ అమెరికాలోనూ ఇంగ్లండులోనూ ఉన్న మనవాళ్ళలో వీటి మీద మోజున్నవాళ్ళు ఉంటారు. అలాంటివారికి ఇక్కడినుంచే నాలుగు మాటలు చేరితే మంచిదే.

కారులో అసలుదనం ముందుగా పోయేది చక్రాల దగ్గరే. కారణం చాలా సులువు. ఇంజిన్ దించాలంటే గొలుసు కప్పీ కావాలి, మనుషులు కావాలి, రోజులు పడతాయి. చక్రం విప్పడానికి జాకీ, స్పానరు, పావుగంట చాలు. గుంతలో పడి రిమ్ము వంగితే దొరికినదేదో వేస్తారు. కొత్త ఫ్యాషన్ వస్తే పాతవి విప్పి షెడ్డులో పడేస్తారు. యజమాని మారినప్పుడు షెడ్డు మాత్రం కారుతో పాటు పోదు కదా. అలా నలభై యాభై ఏళ్ళలో నలుగురైదుగురు చేతులు మారిన కారు మీద పుట్టిననాటి నాలుగు చక్రాలూ నిలిచి ఉంటే, ఆ యజమానులందరికీ దండం పెట్టవచ్చు.

ఉదాహరణకు ఎంజీ కార్ల కథ తీసుకుందాం. 1945లో యుద్ధం ముగిసిన వెంటనే ఎంజీ కంపెనీ టీసీ అనే బండిని తెచ్చింది. 19 అంగుళాల వ్యాసం, రెండున్నర అంగుళాల వెడల్పు ఉన్న స్పోకుల చక్రాలు దానివి. పొడుగ్గా, సన్నగా ఉంటాయి. అమెరికావాళ్ళు ఆ బండిని చూసి మనసు పారేసుకున్నారు. 1949 చివర్లో దాని తమ్ముడు టీడీ వచ్చింది. ముందు చక్రాలకు వేర్వేరు సస్పెన్షన్ వచ్చింది, స్టీరింగు బాగుపడింది. కానీ చక్రాలు 15 అంగుళాలకు తగ్గాయి, స్పోకులు పోయాయి, వాటి చోట మామూలు ఉక్కు బిళ్ళ చక్రాలు వచ్చాయి. పాత అభిమానులు గగ్గోలు పెట్టారు. అయినా టీడీ సుమారు 30 వేలు అమ్ముడైంది. 1953లో వచ్చిన టీఎఫ్‌కు మళ్ళీ స్పోకుల చక్రాలు కోరినవాళ్ళకు ఇచ్చారు.

ఇప్పుడు ఎవరైనా స్పోకుల చక్రాల మీద నిలబడ్డ టీడీని చూపించి "అంతా ఒరిజినల్" అంటే ఏమనుకోవాలి? చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. పాత ఎంజీ ఇలాగే ఉండాలని మన కంటికి అనిపిస్తుంది కూడా. కానీ అది ఎవరో తర్వాత చేసిన మార్పు. కంటికి నప్పినదల్లా అసలైనది కాదు. ఈ విషయంలో మోసగాళ్ళకంటే మన కన్నే మనల్ని ఎక్కువ మోసం చేస్తుంది.

స్పోకుల చక్రాన్ని పరీక్షించడం మనవాళ్ళకు కొత్త విద్య కాదు. సైకిలు షాపులో చక్రాన్ని నిలబెట్టి తిప్పుతూ, ఒక స్పోకు బిగించి, ఒకటి వదులు చేసి, వంకర తీసే మనిషిని అందరం చూశాం. ఇదీ అదే చదువు, కాకపోతే బరువు ఎక్కువ, వేగం ఎక్కువ. ముందుగా స్పోకులు లెక్కపెట్టండి. ఎంజీ 'ఏ' మోడల్ మొదటి బండ్లకు 48 స్పోకులు. 1962లో వచ్చిన ఎంజీ బీ 14 అంగుళాల చక్రానికి 60. 1961లో జెనీవాలో బయటపెట్టిన జాగ్వార్ ఈ టైప్ 15 అంగుళాల చక్రానికి 72. ఈ టైప్‌లోనే మరో తేడా ఉంది. తొలి బండ్ల చక్రానికి నడిమి భాగం వంపు తిరిగి, స్పోకులు ఆ వంపులోనుంచి బయలుదేరినట్టు కనిపిస్తాయి. 1960ల చివర్లో ఆ వంపు తీసేసి, కడుక్కోవడానికి వీలుగా నునుపైన ఆకారం ఇచ్చారు. 1962 నాటి కారుకు నునుపు చక్రం ఉంటే, అది ఆ కారుతో పుట్టినది కాదు.

లెక్కపెట్టాక చిన్న స్పానరుతో స్పోకుల్ని ఒక్కొక్కటే తట్టండి. బిగుతుగా ఉన్నది ఖంగుమంటుంది. వదులైనది బొంగురుగా పలుకుతుంది. పక్కపక్కనే మూడు నాలుగు బొంగురు పలికితే ఆ చక్రం రోడ్డెక్కడానికి పనికిరాదు. తర్వాత చక్రం ఊడదీసి నడిమి రంధ్రంలోకి చూడాలి. అక్కడ పళ్ళ వరసలుంటాయి. ఇరుసు కొసన ఉండే హబ్ మీది పళ్ళు వాటిలో దూరి, చక్రాన్ని తిప్పుతాయి. ఆ పళ్ళు అరిగి మొన తేలి ఉంటే, బ్రేకు వేసినప్పుడూ గేరు వేసినప్పుడూ టక్కుమని చప్పుడు వస్తుంది. అరిగిన హబ్ మీద కొత్త చక్రం వేస్తే కొత్తది కూడా త్వరలోనే అరుగుతుంది. రెండూ కలిపి మార్చాల్సిందే. ఖర్చే మరి.

ఈ చక్రాన్ని నాలుగైదు నట్లు పట్టుకోవు, మధ్యలో ఒకే ఒక్క పెద్ద నట్టు ఉంటుంది. దానికి రెండు మూడు రెక్కలు, రాగి సుత్తితో ఆ రెక్కల మీద కొట్టి బిగిస్తారు. ఎడమ పక్క చక్రాలకు మామూలు మర, కుడి పక్క చక్రాలకు ఎడమ మర. అంటే బండి ముందుకు పోయేటప్పుడు చక్రం ఎటు తిరుగుతుందో, నట్టు అటు తిప్పితే ఊడుతుంది. వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ, నడుస్తున్న చక్రంలో ఆ నట్టు బిగుసుకునే వైపే జరుగుతుంది. ఎవరైనా మరమ్మతు చేస్తూ కుడి హబ్ ఎడమకూ, ఎడమ హబ్ కుడికీ వేశారా, నడుస్తున్న బండికి చక్రం ఊడివస్తుంది. పాత బండి కొన్నప్పుడు నేనైతే ఇంజిన్ స్టార్ట్ చేయకముందే ఈ మరలు చూస్తాను.

రెక్కల నట్టుకూ ఒక చరిత్ర ఉంది. పొడుచుకువచ్చిన రెక్కలు దారిన పోయేవాళ్ళకు తగులుతాయని అమెరికా ప్రభుత్వం 1968 జనవరి 1 నుంచి కొత్త కార్ల మీద వాటిని నిషేధించింది. అప్పటినుంచి అక్కడికి పోయే బండ్లకు రెక్కల్లేని, ఎనిమిది పలకల నట్లు వచ్చాయి. వాటిని విప్పడానికి వేరే స్పానరు. 1996లో ఆ నియమాన్ని ఎత్తేశారు. ఈలోపు చాలామంది పలకల నట్లు తీసి రెక్కల నట్లు వేసుకున్నారు, అందం కోసం. అందుచేత 1970లో అమెరికాకు పోయిన ఎంజీ బీ మీద రెక్కల నట్లు కనబడితే, అది కూడా తర్వాత చేసిన మార్పే.

ఇంకో మాట. ఎంజీ బీ స్పోకుల చక్రాలు ఎక్కువగా వెండి రంగు పూతతో వచ్చాయి. ఇవాళ ప్రదర్శనల్లో కళ్ళు జిగేలుమనిపించే క్రోమ్‌లో చాలాభాగం ఆ కార్లకు పెద్దయ్యాక అబ్బిన సోకే.

చక్రాలే కాదు, వాటిని మోసే ఇరుసు కూడా సాక్ష్యం చెబుతుంది. ఎంజీ బీలో స్పోకుల చక్రాల బండికి వెనక యాక్సిల్ పొడవు తక్కువ, ఉక్కు చక్రాల బండికి ఎక్కువ. ఉక్కు చక్రాల బండికి అడాప్టర్లు బిగించి స్పోకుల చక్రాలు తొడిగితే, అవి బయటికి పొడుచుకువచ్చి మడ్‌గార్డు అంచుకు రాసుకుంటాయి. వెనక టైరు భుజం మీద గీరుడు గుర్తులు కనబడ్డాయంటే కథ అర్థమైనట్టే. అనుమానం తీరకపోతే కాగితం ఉంది. ఇంగ్లండులో గేడన్ అనే ఊళ్ళో ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియం వాళ్ళు ఫ్యాక్టరీ రికార్డులు చూసి, ఫలానా ఛాసిస్ నంబరున్న ఎంజీ కారు ఏ రంగుతో, ఏ అదనపు సామగ్రితో బయటికి వచ్చిందో సర్టిఫికెట్ ఇస్తారు. స్పోకుల చక్రాలు అదనంగా కోరి తీసుకున్నవైతే ఆ సంగతి అందులో దొరుకుతుంది.

ఇంతవరకు స్పోకుల సంగతి. ఇక చక్రాల ప్రపంచంలో ఎక్కువ నకళ్ళు, ఎక్కువ అబద్ధాలు, ఎక్కువ డబ్బు తిరిగే చోటికి వద్దాం. అది పోర్షా 911 కారు మీది ఫుక్స్ చక్రం.

911 కారు 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో 901 అనే పేరుతో కనిపించింది. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు మావని పెజో కంపెనీ అడ్డుపడడంతో 911 అయింది. 1966లో దానికి 160 గుర్రాల బలమున్న 'ఎస్' మోడల్ చేశారు. దానికోసం తేలికైన చక్రం కావలసివచ్చింది. చక్రం బరువు తగ్గితే లాభం రెండు విధాల. స్ప్రింగులకు కింద వేలాడే బరువు తగ్గి గతుకుల మీద టైరు నేలను వదలకుండా పట్టుకుంటుంది. తిరిగే బరువు తగ్గి బండి చురుగ్గా లేస్తుంది, చురుగ్గా ఆగుతుంది. జర్మనీలోని మైనెర్జ్‌హాగెన్ అనే ఊళ్ళో ఒట్టో ఫుక్స్ అనే కర్మాగారం ఉంది, లోహాన్ని అచ్చుల మధ్య అదిమి వస్తువులు చేసే సంస్థ. చక్రం రూపం తీర్చినది పోర్షాలో నమూనాలు చేసే హైన్రిక్ క్లీ. ఐదు రేకులు విచ్చుకున్నట్టుండే ఆ రూపం ఇవాళ్టికీ పాతబడలేదు.

దాన్ని చేసిన పద్ధతిని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నకలు పట్టుబడేది అక్కడే. సాధారణంగా అల్యూమినియం చక్రాన్ని పోత పోస్తారు. కరిగిన లోహం అచ్చులో పోసి చల్లారనిస్తారు. అందులో గాలి బుడగలు మిగిలిపోవచ్చు. బలం సరిపోవాలంటే మందం పెంచాలి, మందం పెంచితే బరువు పెరుగుతుంది. ఫుక్స్ వాళ్ళు పోత పోయలేదు. అల్యూమినియం మిశ్రమలోహపు దిమ్మెను వేడిచేసి, పెద్ద ప్రెస్సుల కింద దశలవారీగా అదిమి రేకుల ఆకారం తెచ్చారు. చుట్టూ మిగిలిన మందపాటి అంచును చీల్చి, రోలర్లతో ఒత్తి విప్పి, టైరు కూర్చునే రిమ్ముగా మలిచారు. ఒకే ముక్క, ఎక్కడా అతుకు లేదు. అదిమిన లోహం దట్టంగా ఉంటుంది కాబట్టి పలచగా చేసినా బలం తగ్గదు.

అసలైన ఫుక్స్ చక్రం వెనక్కి తిప్పితే లోహం మీద అచ్చు గుద్దిన గుర్తులు కనిపిస్తాయి. పోర్షా విడిభాగం నంబరు, ఫుక్స్ ముద్ర, కొలత, తయారైన నెల, సంవత్సరం. ఈ తేదీయే మనకు పెద్ద సాక్షి. కారు తయారైన తేదీకి చక్రాల తేదీలు కొంచెం ముందుండాలి. కొన్ని వారాలు, కొన్ని నెలలు. నాలుగింటి మీదా ఒకే తేదీ ఉండనక్కర్లేదు, దగ్గర దగ్గరగా ఉంటే చాలు. కారు 1970 మార్చిలో తయారై, చక్రం మీద 1972 అని ఉంటే ఇక మాట్లాడేదేముంది? చక్రం అసలు ఫుక్సే కావచ్చు, ఆ కారుది మాత్రం కాదు. అసలైన చక్రం, ఆ కారు చక్రం, ఈ రెండూ వేరువేరు మాటలు. అమ్మేవాళ్ళు వీటిని కావాలనే కలిపేస్తుంటారు.

కొలత కూడా సాక్ష్యమే. 1967 మోడల్‌కు చక్రం వెడల్పు నాలుగున్నర అంగుళాలు. 1968కి ఐదున్నర. 1969కి ఆరు. వ్యాసం ఈ మూడిటికీ 15. కాబట్టి ఆరంగుళాల చక్రం చూపించి "1967 నాటిది" అంటే నమ్మకండి. తర్వాత ఏడు, ఎనిమిది అంగుళాలవి వచ్చాయి. 1970ల చివర్లో 16 అంగుళాల వ్యాసమున్నవి వచ్చాయి. ఇలా 1989 దాకా ఆ కారు మీద ఈ చక్రం నడిచింది. వెడల్పు కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. టేపు రిమ్ము బయటి అంచు నుంచి అంచుకు పెడితే అంగుళం దాకా ఎక్కువ వస్తుంది. టైరు అంచు ఆనుకునే లోపలి ముఖం నుంచి ముఖానికి కొలవాలి.

వెడల్పు చక్రాలకు గిరాకీ ఎక్కువ కావడంతో ఆరంగుళాలవాటిని కోసి, మరో వలయం వెల్డింగు చేసి, ఏడూ ఎనిమిదీ చేసేవాళ్ళు తయారయ్యారు. వెనక గుర్తు 6 అంటుంది, టేపు 8 అంటుంది. రిమ్ము లోపలివైపు వేలితో తడిమితే చుట్టూ అతుకు గీత తగులుతుంది, ఎంత నునుపు చేసినా. ఉక్కు చక్రాలను ఇలా వెడల్పు చేయడం రేసుల్లో పాత అలవాటే. మంచి పనివాడి చేతిలో నిలబడుతుంది కూడా. కానీ అదిమి చేసిన అల్యూమినియానికి వెల్డింగు వేడి తగిలితే అతుకు పక్కన లోహం మెత్తబడుతుంది. ఏ బలం కోసం అంత కష్టపడి దాన్ని అలా చేశారో ఆ బలమే పోతుంది. అలాంటి చక్రాన్ని ప్రదర్శనకు పెట్టుకోండి, వేగంగా నడపకండి.

ఇక నకళ్ళు. ముందునుంచి చూస్తే ఎవరూ చెప్పలేనంత బాగా చేస్తున్నారు. వెనక మాత్రం పోత పోసిన గరుకుదనం, గుద్దిన గుర్తులకు బదులు ఉబ్బెత్తు అక్షరాలు, లేదంటే ఏమీ ఉండదు. చేత్తో ఎత్తితే బరువు తేడా తెలిసిపోతుంది. పూత కూడా చూడండి. అసలు చక్రానిది అనోడైజ్ చేసిన లేత వెండి మెరుపు, రేకుల మధ్య నలుపు. అద్దంలా మెరిసే చక్రమంటే ఎవరో ఆ పొరను గీకి పాలిష్ పట్టారన్నమాట. అది నకిలీ అనడానికి లేదు, కానీ అసలు పొర తిరిగిరాదు. అందుకే మాసిన చక్రం దొరికితే ముందు సబ్బునీళ్ళతో కడగండి. పాలిష్ యంత్రం దగ్గరికి తర్వాత వెళ్ళవచ్చు. నన్నడిగితే వెళ్ళకపోవడమే మేలు.

మెగ్నీషియం చక్రాల మీద కొంచెం హెచ్చరిక. 1960లలో ఇంగ్లండులో చిన్న మినీ కారు ర్యాలీల కోసం మినీలైట్ అనే ఎనిమిది కమ్మీల చక్రం వచ్చింది. మొదట దాన్ని మెగ్నీషియంతో చేశారు. జపానులో నిస్సాన్ ఫెయిర్‌లేడీ జెడ్ 432 కారుకు కోబే కర్మాగారం చేసిన మెగ్నీషియం చక్రాలుండేవి. లాంబోర్గినీ మియురాకు కాంపాన్యోలోవి. మెగ్నీషియం సాంద్రత 1.74, అల్యూమినియానిది 2.7, ఉక్కుది ఏడున్నర పైమాటే. చేతిలోకి తీసుకుంటే బొమ్మ చక్రమేమో అనిపిస్తుంది. వెనకవైపు కనబడని చోట కొంచెం గీకి చుక్క వెనిగర్ వేస్తే బుసబుసమని నురగ వస్తుంది. అల్యూమినియం మీద అలా రాదు. అయితే ఈ లోహం తేమకు తొందరగా తినబడిపోతుంది, వయసుతో పగుళ్ళు వస్తాయి. పగుళ్ళలోకి పాకే ఎర్రరంగు ద్రవం పూసి, తుడిచి, పైన తెల్లపొడి చల్లితే పగులు ఎర్రగీతగా బయటపడుతుంది. ఆ పరీక్ష, వీలైతే ఎక్స్‌రే, చేయించకుండా యాభై ఏళ్ళ మెగ్నీషియం చక్రం మీద ప్రాణం పెట్టకూడదు. నడపడానికి అదే రూపంలో వచ్చే కొత్త అల్యూమినియం చక్రం వేసుకోండి. ఇక్కడ నకలే నయం.

ఇప్పుడు మార్పుల సంగతి. పాత కారును ముట్టుకోకూడదనే వాళ్ళున్నారు. ఎలాగైనా మార్చుకోవచ్చనే వాళ్ళూ ఉన్నారు. నా మాట ఇది. మళ్ళీ వెనక్కి తీసుకోగలిగిన మార్పు అయితే చెయ్యండి. కొయ్యాల్సివస్తే ఆగండి. ఆ లెక్కన చక్రం మంచి మార్పే, నాలుగు నట్లు విప్పితే పాతవి మళ్ళీ ఎక్కుతాయి. కానీ వెడల్పు చక్రం కోసం మడ్‌గార్డు అంచు కోసినవాడు వెనక్కి తిరిగి రాలేడు.

"ఫ్యాక్టరీ వాళ్ళే చేశారు కదా" అంటారు. నిజమే. పోర్షా వాళ్ళు 1973 మోడల్‌గా కరేరా ఆర్‌ఎస్ 2.7 అనే బండి చేశారు. రేసు నిబంధన కోసం 500 చాలు, అవి అమ్ముడైతే చాలనుకున్నారు. చివరికి 1,580 చేశారు. దానికి ముందు చక్రాలు ఆరంగుళాలు, వెనకవి ఏడు. ఆ ఏడంగుళాల కోసం వెనక మడ్‌గార్డులు ఉబ్బించారు. టైర్ల కొలతలు చూడండి. కాగితం, పెన్నూ ఉంటే రాసుకోండి. ముందు టైరు 185 మిల్లీమీటర్ల వెడల్పు, గోడ ఎత్తు అందులో 70 శాతం, అంటే 129.5 మిల్లీమీటర్లు. పైనా కిందా కలిపి 259. 15 అంగుళాల రిమ్ము 381. మొత్తం ఎత్తు 640. వెనక టైరు 215 వెడల్పు, గోడ 60 శాతం, అంటే 129. రెండింతలు 258, దానికి 381 కలిపితే 639. వెనక టైరు 30 మిల్లీమీటర్లు వెడల్పయినా ఎత్తులో తేడా ఒక్క మిల్లీమీటరే! స్పీడోమీటరు తప్పదు, గేర్ల లెక్క మారదు, బండి ముక్కు పైకి లేవదు, కిందికి వాలదు. టైరు ఎంచుకోవడమంటే ఇదీ.

ఇదే లెక్క మీ బండికి వేసి చూడండి. 16 అంగుళాల రిమ్ముకు 205 వెడల్పు, 55 శాతం గోడ ఉన్న టైరు వేస్తే మొత్తం 632 వస్తుంది. ఒక శాతం చిల్లర తేడా, ఫరవాలేదు. 17 అంగుళాలకు 225, 45 శాతం వేస్తే 634. లెక్కకు బాగానే ఉంది. కానీ టైరు గోడ 130 నుంచి 101కి దిగిపోయింది. పోయిన ఆ మూడు సెంటీమీటర్ల రబ్బరే ఇన్నాళ్ళూ గతుకుల్ని మింగింది. మన రోడ్ల మీద ఇక రిమ్మే మింగాలి. పైగా 1970 నాటి కారుకు 17 అంగుళాల చక్రం చూడడానికి బాగుండదు. ఇది నా రుచి, వాదనకు రాను.

వ్యాసం, వెడల్పు అందరూ చూస్తారు. చాలామంది మరిచేది ఆఫ్‌సెట్. చక్రాన్ని అంచువైపు నుంచి చూస్తున్నట్టు ఊహించండి. రిమ్ము వెడల్పుకు సరిగ్గా మధ్యన ఒక గీత. హబ్‌కు ఆనుకునే ముఖం ఆ గీతకు ఎంత దూరంలో ఉందో అదే ఆఫ్‌సెట్, మిల్లీమీటర్లలో చెబుతారు. వెడల్పు ఒకటే అయినా ఆఫ్‌సెట్ మారితే చక్రం లోపలికి పోయి సస్పెన్షన్‌కు తగలవచ్చు, బయటికొచ్చి మడ్‌గార్డుకు రాయవచ్చు. బయటికి వచ్చేకొద్దీ బేరింగు మీద బరువు మీట వేసినట్టు పడుతుంది. ముందు చక్రాలైతే స్టీరింగు ప్రతి గుంతకూ చేతుల్ని లాగుతుంది. స్పేసర్ బిళ్ళలు పెట్టినా ఇదే ఫలితం. స్పేసర్ పెట్టి పాత బోల్టులే వాడితే ఇంకా ప్రమాదం, నట్టు పట్టుకోవడానికి మర చాలదు. పొడుగు స్టడ్లు వేయించాల్సిందే.

నట్లు కూర్చునే చోటు కూడా చూడాలి. పాత 911 నట్టు అడుగు గుండ్రంగా గోళీలా ఉంటుంది. బయట దొరికే చాలా చక్రాలకు నట్టు గరాటులా కూర్చుంటుంది. ఒకదానిది ఒకదానికి వేస్తే బిగిసినట్టే ఉండి వదులవుతుంది. 911కు 130 న్యూటన్ మీటర్లు బిగింపు. టార్క్ స్పానరుతో కొలిచి బిగించండి, పైపు తొడిగి కాలితో తొక్కి కాదు. ఇక టైరు పక్కన ఉండే నాలుగంకెల తేదీ చూడండి. 2319 అంటే 2019 సంవత్సరం 23వ వారం. పాత కార్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి టైరు అరగదు, ఎండిపోతుంది. పదేళ్ళు దాటితే గీతలు ఎంత లోతున్నా తీసేయండి.

మన దేశంలో ఉన్నవాళ్ళు చట్టం కూడా తెలుసుకోవాలి. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత 2021 జులైలో కేంద్రం పాత వాహనాల కోసం విడిగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు జరగని స్కూటర్లు, మోటారు సైకిళ్ళు, కార్లు వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకోవచ్చు. నంబరు ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల తర్వాత 'వీఏ' వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేల రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. తర్వాత పొడిగించడానికి 5 వేలు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పరిశోధనకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోజువారీ తిరుగుడుకు వాడకూడదు. ఆ నిర్వచనంలో చక్రాల పేరు లేదు. కానీ "అసలు రూపంలో" అనే మాట ఉంది. పరిశీలకుల కంటికి ముందు పడేది చక్రాలేనని మరిచిపోకండి.

అలాగని మార్పులన్నీ చరిత్రకు ద్రోహమనను. మద్రాసుకు ఉత్తరాన షోళవరంలో యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద ఏళ్ళ తరబడి రేసులు జరిగాయి. అక్కడ మనవాళ్ళు ఫియట్లనూ, మద్రాసులోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డులనూ చేతికొచ్చినంత మార్చి పరిగెత్తించారు. అప్పటి మార్పుతో అలాగే మిగిలిన బండి దొరికితే దాన్ని ఫ్యాక్టరీ రూపంలోకి తేవడమే తప్పు. ఆ మార్పే దాని చరిత్ర. ఎప్పుడు చేశారు, ఎవరు చేశారు, ఎందుకు చేశారు, ఈ మూడూ తెలిస్తే పాత మార్పును ఉంచండి. గత పదేళ్ళలో దుకాణంలో కొని తగిలించినదైతే విప్పేయడానికి సందేహించకండి.

చివరిగా ఒక విన్నపం. మీ ఇంట్లోనో, మీకు తెలిసిన గ్యారేజీలోనో పాత చక్రాలు మూలనపడి ఉంటే తూకానికి వేయకండి. కడిగి, ఆరబెట్టి, వెనక్కి తిప్పి, అక్కడున్న గుర్తులకు ఫొటో తీయండి. ఏ కారువో, ఏ ఏడు విప్పారో చీటీ రాసి కట్టండి. ఆ కారు అమ్మే రోజు వస్తే, కొత్తవాటితో పాటు ఈ పాత నాలుగూ కొన్నవారికి ఇచ్చేయండి. వాటికి విడిగా ధర కట్టి వేరే చోట అమ్ముకోకండి.